పంటలో నేను కలిపిన నాలుగణాలు

ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వం నా మాట మీద నడిచేది. నవ్వకండి. మా వైపు ఆ ఏడు వరి ఎంత పండిందో గవర్నరుగారికి తెలియాలంటే నేను చెప్పాలి. నేను చెబితే గెజెట్‌లో అచ్చయ్యేది. అది చూసి కలకత్తా బియ్యం షావుకార్లు బేరాలు మార్చుకునేవారు. ఇంగ్లండు సీమలో ఓడల కంపెనీవాళ్ళు ఏ ఓడని ఏ రేవుకి పంపాలో ఆలోచించుకునేవారు.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. కొంచెం పొంగింది. పొయ్యి మీంచి దించుతాను.

నేను టెక్కలి కచేరీలో తాత్కాలిక గుమాస్తాని. ఊళ్ళ నుంచి వచ్చిన పంట అంకెలు కూడి, సరాసరి కట్టి, డిప్యూటీ తహసీల్దారుగారి సంతకానికి పెట్టడం నా పని. అప్పుడు మాది గంజాం జిల్లా. మా కాగితం ఛత్రపురంలో కలెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, అక్కడ మిగతా తాలూకాల కాగితాల్లో కలిసి, మద్రాసు చేరేది. అక్కడ అన్ని జిల్లాలూ కలిపి అచ్చు వేసేవారు. అంత పెద్ద గంగాళంలో నా వంతు ఒక ఉప్పు రాయి. అయినా గెజెట్ వచ్చినప్పుడల్లా మా తాలూకా వరస వెతికి, వేలు పెట్టి, పక్క గుమాస్తాకి చూపించేవాణ్ణి. మెట్రిక్ పాసయ్యానని కూడా చెప్పుకునేవాణ్ణి. పరీక్షకి వెళ్ళిన మాట మాత్రం నిజం.

ఈ నయాపైసల కాలంలో పంటని అణాల్లో చెప్పేవారంటే పిల్లలకి అర్థం కాదు. నిండు పంట పదహారణాలు. సగం పండితే ఎనిమిది. ప్రతి ఊరి మునసబూ, కరణమూ పొలం గట్టు మీద నిలబడి, కంటితో చూసి, ఇన్నణాలని మాకు రాసి పంపాలి. కొలత లేదు, తూకం లేదు. ఉద్దానంలో ఒక పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి "ఏడు రాయి" అంటే, ఆ ఏడు రైలెక్కి, ఓడెక్కి, లండన్‌లో దొరలు కళ్ళజోడు పెట్టుకుని చదివే అంకెల్లో కలిసిపోయేది.

చిక్కేమిటంటే, మావైపు ఏ రైతూ నిండుగా పండిందని నోటితో అనడు. అంటే దిష్టి. కొబ్బరి తోటలో నిలబడి, నెత్తి మీద గెలలు వేలాడుతూ ఉండగా, కాయ ఎలా ఉందని అడిగితే "ఏదో ఉంది బాబూ" అంటాడు. పైగా అడిగేది సర్కారైతే ఆ ఏదో కూడా ఉండదు. అంచేత మా కచేరీలో ఒక మందు కనిపెట్టి ఉంచారు. ఏ ఊరి నుంచి ఏ అంకె వచ్చినా దాని మీద నాలుగు కలపడం. ఐదంటే తొమ్మిది, ఏడంటే పదకొండు. నాకు ముందున్న గుమాస్తా ఇది నాకు మంత్రోపదేశంలా చెవిలో చెప్పాడు. నేను దానికి 'సవరణ' అని పేరు పెట్టి, ఎంతో గణితం చేస్తున్నట్టు నుదురు ముడిచి, నాలుగు కలిపేవాణ్ణి.

ఆ అంకెతో ఇంకో పని కూడా ఉండేది. పంట బాగా తక్కువని తేలిన ఊరికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వెళ్ళి, ఎదురుగా కుప్ప నూర్పించి, గింజ చూసేవాడు. నిజమే అనిపిస్తే ఆ ఊరికి ఆ ఏడు శిస్తులో తగ్గింపు. అంకె బాగుంటే ఇన్‌స్పెక్టరు వెళ్ళడు. వెళ్ళకపోతే తగ్గింపు లేదు.

ఆ ఏడు మార్గశిరంలో మా మావయ్య నిమ్మాడ నుంచి వచ్చి, నాకొక సంబంధం చూశానన్నాడు. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు వెళితే జమీందారుకి కాక సర్కారుకే శిస్తు కట్టే ఒక పల్లె, ఆ ఊరి మునసబుగారి రెండో కూతురు. సరేనని బయల్దేరాం. నేను కొత్త కోటు తొడుక్కున్నాను. కోటు కొత్తదే, పక్క గుమాస్తాది. టెక్కలి నుంచి చిన్న రైల్లో నౌపడ, అక్కడ రైలు మారి పూండి, అక్కణ్ణుంచి మునసబుగారు పంపిన ఎడ్లబండి.

ఊరు దగ్గర పడేసరికి మావయ్య బండిలో లేచి నిలబడ్డాడు.

"ఒరే అల్లుడూ, సూసినావా కుప్పలు!"

చూశాను. కళ్ళం నిండా వరి కుప్పలు, ఇళ్ళ కంటే ఎత్తుగా. మా నిమ్మాడ వైపు అప్పటికే నూర్పులు అయిపోయాయి. ఇక్కడ ఒక్క కుప్ప కూడా విప్పలేదు.

"నూర్సుకోడానికి తీరిక లేనంత పంటరా ఇది" అన్నాడు మావయ్య.

నేను గణాంకాల పండితుణ్ణి కదా, ఇంకో అడుగు ముందుకి వేశాను. ఈ ఊరి నుంచి మాకు వచ్చిన అంకె నాకు బాగా గుర్తుంది, ఐదు. అంటే మామగారు కాబోయే మనిషి సర్కారు కళ్ళల్లో ఎంత కారం కొట్టాడు! నాకు కోపం రాలేదు. పైగా ముచ్చటేసింది. నేను కలిపిన నాలుగు కూడా చాలలేదనుకున్నాను.

మునసబుగారు పొడుగాటి మనిషి, గట్టిగా మాట్లాడే రకం. మమ్మల్ని అరుగు మీద మంచం వేసి కూర్చోబెట్టి, కొబ్బరి బొండాలు కొట్టించి, ఊరు గురించి చెప్పడం మొదలెట్టారు.

"ఈ ఏడు మా ఊరికి తిరుగు నేదు బావగారూ. పద్నాలుగణాల పంట! గాదెలు సాలవు. పిల్ల మీ ఇంటికి ఒట్టి సేతుల్తో వొత్తాదనుకోకండి."

నాకు నోరు దురద పుట్టింది. ఆయన సర్కారుకి రాసిన అంకె ఆ అరుగు మీద ఆయన కాక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

"మరి మా కచేరీకి ఐదని రాశారు కదండీ" అన్నాను, కోటు బొత్తాం సవరించుకుంటూ.

 మావయ్య పగలబడి నవ్వి, మునసబుగారి తొడ మీద చరిచాడు.

"అబ్బ, ఏం మనిసివయ్యా బావా! పద్నాలుగు పండించి, సర్కారుకి ఐదు సూపించినావా! ఇసుమంటి ఇంట్లో పిల్లనిత్తే మావోడికి బతుకు తెలుత్తాది."

అరుగు మీద చేరిన వాళ్ళ బంధువులందరూ నవ్వారు. మునసబుగారు కూడా నవ్వారు. కాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయిందని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించింది అని రాయబోయాను. అబద్ధం. అప్పుడు నా ధ్యాసంతా నా గొప్పతనం మీదే ఉంది. కాబోయే మామగారికి భరోసా ఇద్దామని గొంతు తగ్గించి అన్నాను.

"మీరేం భయపడకండి మావగారూ. ఎవరూ నిజం రాయరని మాకు తెలుసు. అందుకే మీ ఐదుని నేను తొమ్మిది చేసి పైకి పంపేశాను. మీ మీద అనుమానం రాదు."

ఆయన చేతిలో కొబ్బరి బొండం ఉంది. దాన్ని మెల్లిగా నేల మీద పెట్టారు.

"తొమ్మిదా?"

"తొమ్మిదేనండి."

"మరి ఇనస్పెట్రు రాడా?"

"తొమ్మిదణాల ఊరికి ఇన్‌స్పెక్టరెందుకు వస్తాడండీ?"

ఆయన కళ్ళం వైపు చూశారు. ఆ గొంతు ఒక్కసారిగా ఎక్కడికి పోయిందో.

"ఆడు వొచ్చి సూత్తాడనే కదా బాబూ, ఊరంతా కుప్పలు ఇప్పకుండా కూకున్నాం. ముందే నూర్సేత్తే గింజలు దాసేసినారంటాడని. పైరు ఏపుగా ఎదిగింది. పొట్టకొచ్చినాక సుక్క పడనేదు. ఆ కుప్పల్లో ఉన్నది గడ్డీ, పొల్లూ. అప్పు సేసి తింతన్నారు జనం, కుప్పలెదురుగా పెట్టుకుని."

మావయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అయితే పద్నాలుగో?"

"అది మీకు సెప్పిన మాట బావగారూ. పిల్ల సంబంధం గదా." ఆయన తల దించుకున్నారు. తర్వాత ఎత్తారు. "ఐదే నిజం. సర్కారుకి అబద్ధం సెప్పనేదు. మీకే సెప్పినాను. ఈ సంబంధం మీరొద్దంటే ఎల్లిపోండి, నాను ఏటీ అనుకోను. కాని బాబూ, ఆ నాలుగూ తీసెయ్యి. ఊరు ఊరంతా నూర్పులాపుకుని కూకుంది."

తలుపు వెనక నుంచి ఒక ఆడగొంతు వినపడింది. నేను చూడవలసిన పిల్లని నేనింకా చూడనే లేదు, ముందు గొంతే విన్నాను.

"ఆ నాలుగణాలూ ఏ పొలంలో పండినాయో అడగండి నాన్నా."

"ఊరుకోవే" అంది తల్లి.

ఆ అరుగు మీద నేను ధీరోదాత్తంగా లేచి నిలబడి, మీ ఊరికి న్యాయం చేసే దాకా పెళ్ళి మాట ఎత్తనని ప్రతిజ్ఞ చేశాను. ఇలా నలుగురికీ చెప్పుకుంటూ వచ్చాను. జరిగిందేమిటంటే, లేవబోతే కోటు మంచం పట్టీకి తగులుకుని చంక దగ్గర చిరిగింది. నేను కళ్ళం వైపు వెళ్ళి ఒక కుప్పలోంచి కంకి లాగి, అరచేతిలో నలిపి ఊదాను. దాదాపు అంతా ఎగిరిపోయింది. బండిలోంచి చూసి లెక్క కట్టిన పండితుడికి అరచేతిలో మిగిలినవి నాలుగు గింజలు.

మర్నాడు కచేరీకి వెళ్ళాను. డిప్యూటీ తహసీల్దారుగారు గోదావరి వైపు మనిషి, ఎక్కువ మాట్లాడరు. నేను బల్ల గుద్ది చెప్పానంటే మీరు ఎలాగూ నమ్మరు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. సెలవు కావాలా అని ఆయనే అడిగారు. అప్పుడు చెప్పాను.

"ఆ ఊరు నువ్వు చూశావా?"

"నిన్న చూశానండి."

"నాలుగు కలిపేటప్పుడు?"

"చూడలేదండి. ఇక్కడ అందరికీ కలుపుతామండి."

"అబద్ధం చెప్పినవాడికీ కలిపావు, నిజం చెప్పినవాడికీ కలిపావు. ఇంకెవడయ్యా నిజం రాసేది?"

దానికి నా దగ్గర సవరణ లేదు. ఆయన తన చేత్తోనే ఛత్రపురానికి ఇంకో కాగితం రాశారు, ఆ ఊరి అంకె ఐదుగా చదువుకోవాలని. నన్ను పంపి ఇన్‌స్పెక్టరుని పిలిపించారు. ఇన్‌స్పెక్టరుకి గుర్రం ఉంది, నాకు లేదు. కాబట్టి ఆయన గుర్రం మీద, నేను వెనకాల బండిలో వెళ్ళాం.

ఆ ఊళ్ళో మా కళ్ళ ముందే కుప్ప విప్పారు. ఎడ్లు తొక్కాయి, చేటలతో తూర్పార పట్టారు. గాలికి ఎగిరిన పొల్లు వెళ్ళి అవతల తెల్లగా పోగుపడింది. ఇవతల గింజ రాశి చూసి ఇన్‌స్పెక్టరు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"ఐదు కూడా లేదేమోనయ్యా మునసబూ."

"ఐదుంటాది బాబూ" అన్నారు మునసబుగారు, తాను రాసిన మాట ఎక్కడ తప్పవుతుందో అని భయపడుతూ. తక్కువ చెబితే ఊరికి మేలని తెలిసి కూడా ఐదు మీద నుంచి దిగలేదాయన. నేను ఆ కళ్ళంలో నిలబడి, కోటు చిరిగిన చంకని చేత్తో మూసుకుని, ఏమీ మాట్లాడకుండా ఉండగలిగాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

శిస్తు తగ్గింపు హుకుం వేసవికి వచ్చింది. కోరినంత కాదు గాని, ఊరు ఊపిరి పీల్చుకుంది. గెజెట్ కూడా వచ్చింది. ఆత్రంగా మా వరస వెతికాను. తాలూకా అంకె ఏమీ మారలేదు. అన్ని ఊళ్ళ సరాసరిలో ఒక ఊరి బాధ కనపడదు. లండన్ దొరలకి నా తప్పు తెలియలేదు, నా దిద్దుబాటూ తెలియలేదు. పక్క గుమాస్తాకి వేలు పెట్టి చూపిద్దామంటే చూపించడానికి ఏమీ లేదు. పైగా ఆయన కోటు సంగతి అడుగుతున్నాడు.

సంబంధం విషయంలో మావయ్య కొన్నాళ్ళు బిగుసుకున్నాడు. చివరికి మా అమ్మ తేల్చింది. "సంబంధం సెడినా పరవాలేదని ఆ మునసబు నిజం సెప్పినాడు. అంతకంటే ఏం గావాల?" అంది.

వైశాఖంలో పెళ్ళి. విస్తట్లో అన్నం, గుమ్మడికాయ కూర, పప్పు, ఒక్క బూరె. మావయ్య బూరె రెండువైపులా తిప్పి చూసి, పంక్తి అంతటికీ వినపడేలా అడిగాడు.

"బావా, ఈ ఇందు బోజనం ఎన్నణాలదంటావు?"

మునసబుగారు నెయ్యి గిన్నె పట్టుకుని నడుం వంచి వడ్డిస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"ఐదణాలదే బావగారూ. తక్కువనిపిత్తే మీ అల్లుడున్నాడు గదా, నాలుగు కలుపుతాడు."

పంక్తి పంక్తంతా నవ్వింది. పక్కన కూర్చున్న పెళ్ళికూతురు అందరికంటే ఎక్కువ నవ్వింది.