మొగం పడిందా?

మా పెద్దనాయన ఫోటోలు నా దగ్గర కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఆయన ముఖం మాత్రం ఒక్కదాంట్లోనూ సరిగా లేదు. ఈ మాట రాయడానికి చాలా వెనకాడాను. తెలిసినవాళ్ళు నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ, నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నంద్యాలలో మాది స్టీలు సామాన్ల అంగడి. అంగడి మీద నాకెంత ప్రేమో చెప్పలేను గానీ, నా కెమెరా మీద ప్రేమ మా వీధికంతా తెలుసు. దాన్ని బీరువాలో మెత్తటి చీరల మధ్య పెడతాను. తేమ తగలకూడదని మందుల డబ్బాల్లో వచ్చే చిన్న తెల్ల పొట్లాలు ఏరి తెచ్చి పక్కన వేస్తాను. లెన్స్ తుడిచే గుడ్డను ఇంకెవ్వరూ ముట్టకూడదు. పిల్లలు పుట్టినప్పుడు కూడా నేను వాళ్ళను ఇంత భద్రంగా ఎత్తుకోలేదని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. ఆమె మాటకు కోపం వస్తుంది, అబద్ధమని మాత్రం అనలేను. అయినా బటన్ నొక్కగానే టక్కుమనే ఆ చప్పుడు వింటే రోజంతా గిన్నెల మోతలో పడ్డ చిరాకు దిగిపోతుంది.

మా ఊళ్ళో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం కలిసి వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. ఆదివారం తెల్లవారకముందే బయల్దేరతాం. మహానంది దారిలో అరటి తోటలు, అహోబిలం కొండలు, ఆత్మకూరు దాటాక అడవి అంచు. సాయంత్రానికి ఎవరి ఫోటోలు వాళ్ళు గ్రూపులో పెట్టి, ఎవరేమంటారా అని కాచుక్కూర్చుంటాం. వచ్చిన గిరాకీని నిలబెట్టి ఫోన్ చూసుకున్న సందర్భాలు నాకు లేకపోలేదు.

గ్రూపు మొదలుపెట్టింది నేనే కాబట్టి పెత్తనమూ నాదే. సెల్లుతో తీసిన ఫోటోలు ఇక్కడ పెట్టరాదని ఒక నియమం పెట్టాను. అందరికీ పెట్టినట్టే పెట్టాను గానీ, అది నిజానికి ఒక్కడి కోసం. కళ్ళద్దాల అంగడి నడిపే భాయ్ ఒకడు మాతో వచ్చేవాడు. అతని కెమెరా ఒకసారి వానలో తడిసి మూలపడింది. అప్పటి నుంచి సెల్లుతోనే వచ్చేవాడు. అద్దాలమ్మేవాడివి, మంచి లెన్స్ గాజు విలువ నీకు తెలియదా అని అందరి ముందూ ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. గ్రూపులో ఒక్క ఫోటో పెట్టేవాడు కాదు, మా ఫోటోలకు మాత్రం బాగుందని తప్పకుండా రాసేవాడు.

ఇక మా పెద్దనాయన. మా నాయనకు అన్న. ఆళ్ళగడ్డలో చిల్లరంగడి. పిల్లల్లేరు. పెద్దమ్మా ఆయనా, ఆ అంగడీ, దాని వెనకే ఇల్లు. ఊరంతా ప్లాస్టిక్ కవర్లకు మారినా ఆయన కాగితంలోనే పొట్లం కట్టేవాడు. పైనుంచి వేలాడే దారాన్ని లాగి, పొట్లం చుట్టూ తిప్పి, వేలికి చుట్టుకుని పుటుక్కున తెంపేవాడు. బెల్లం, చింతపండు, పసుపు పట్టీ పట్టీ ఆ వేళ్ళకు ఒక రంగు పట్టేసింది. పొద్దున పూట తలుపులోంచి వెలుతురు పడితే గోళ్ళ పక్క పగుళ్ళు కూడా కనిపించేవి.

ఆ చేతులు ఒకరోజు తీసి గ్రూపులో పెట్టాను. మాలో ఒక లెక్చరర్ ఉన్నాడు, మామూలుగా ఎవర్నీ మెచ్చుకోడు. ఆయన ‘ఈ చేతుల్లో ఒక జీవితం ఉంది’ అని రాశాడు. ఇంకేముంది, నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పటి నుంచి పెద్దనాయన దగ్గరికి వెళ్ళడమంటే ఆయన చేతుల దగ్గరికి వెళ్ళడమే అయిపోయింది. దారం పట్టుకున్న చేతులు, తక్కెడ ఎత్తిన చేతులు. చేతులు అయిపోయాక వీపు, గోడ మీద నీడ, బెల్లం బుట్టల వెనక మసకగా ఆకారం. ముఖం తీస్తే అది స్టూడియో ఫోటో అయిపోతుందని నా నమ్మకం. ముఖాలు పెళ్ళిళ్ళలో తీసేవాళ్ళు తీస్తారు, మనం కళాకారులం కదా!

ఒక ఆదివారం భాయ్‌నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. వస్తున్నామని ముందే ఫోన్ చేశాను. వెళ్ళేసరికి పెద్దనాయన అంగడి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తలకు నూనె రాసి నున్నగా దువ్వాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మెడదాకా గుండీలు వేసుకున్నాడు. నుదుట బొట్టు. నాకు లోపల చిరాకేసింది. రోజూ వేసుకునే ఆ పసుపు మరకల బనీను ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

“ఈసారి నా మొగం తీయరా” అన్నాడు. “ఆధార్ కార్డులో దొంగ మాదిరి ఉండా. గోడకు పెట్టుకునేటట్ల మంచిది ఒకటి ఉండల్ల.”

అట్లే అన్నాను. కానీ అప్పుడే ఎండ పక్కింటి మిద్దె దాటి ఆయన మోకాళ్ళ మీద పడింది. మోకాళ్ళ మీద చేతులున్నాయి. తెల్ల పంచె మీద ఆ నల్లటి వేళ్ళు. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదని నాకు తెలుసు. నేల మీద కూలబడి, వంగి, తీసిందే తీశాను. నా తల మీదుగా ఆయన గొంతు వినిపించింది.

“మొగం పడిందా?”

“పడింది పెద్దనాయనా” అన్నాను, తల ఎత్తకుండానే.

అబద్ధమాడుతున్నానని కూడా అనుకోలేదు. ముఖం ఎక్కడికి పోతుంది, వచ్చే వారమైనా అక్కడే ఉంటుంది, వెలుగే కదా పోయేది అనుకున్నాను. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఫోటో ఏమైందని అడిగేవాడు. కంప్యూటర్లో ఇంకా పని ఉందని చెప్పేవాణ్ణి. ఆ పని ఏమిటో నాకే తెలియదు.

వానాకాలం మొదట్లో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. నంద్యాలకు తీసుకొచ్చాం. మళ్ళీ ఆళ్ళగడ్డకు ప్రాణంతో వెళ్ళలేదు.

కర్మ చేసే వంతు నాదే. బంధువులంతా కూర్చుని దినానికి కావలసినవి మాట్లాడుకుంటుంటే ఎవరో ఫోటో సంగతి ఎత్తారు. దానికేం కొదవ, మావాడు వారం వారం వచ్చి తీసుకోలేదా అని పెద్దమ్మ అందరి ముందూ నా వైపు చెయ్యి చూపించింది. ఏడుస్తున్న మనిషి ఆ ఒక్క మాటను మాత్రం గర్వంగా అంది. అందరూ నన్ను చూశారు. నేను తల ఊపాను.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చేతులు, చేతులు, మళ్ళీ చేతులు. ఒక వీపు. ముఖం ఉన్న చోట వెనక నుంచి ఎండ కొట్టి నల్లటి ముద్ద. ఇంకోదాంట్లో దారపు ఉండ స్పష్టంగా ఉంది, వెనక ముఖం అలుక్కుపోయింది. అలా అలుక్కుపోవడానికే ఆ లెన్స్ ముచ్చటపడి తెప్పించుకున్నాను. పెద్దనాయన, పెద్దమ్మల పెళ్ళి ఫోటోకు ఎప్పుడో చెదలు పట్టింది. మా ఇళ్ళ పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు తిరగేశాను. పెళ్ళిళ్ళలో ఆయన ఎప్పుడూ వంటల దగ్గరే ఉండేవాడు కాబట్టి వాటిల్లోనూ లేడు.

దాచి లాభం లేదని ల్యాప్‌టాప్ తీసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. మొదట్లో తల ఊపుతూ చూసింది. ముఖం ఇంకా ముందు ఉంటుందని అనుకుంటూ ఉందని నాకు అర్థమవుతూనే ఉంది. ఆపలేక నొక్కుతూ పోయాను. చివరిదాకా వచ్చింది.

“మొగం యాడ?” అని అడిగింది.

లేదన్నాను. ఇవి చాలామంది మెచ్చుకున్న ఫోటోలు అని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

“చేతులకు దండేయల్లనా నేను?” అంది పెద్దమ్మ. కోపంగా కూడా అనలేదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. స్టూడియోకు పోయి ఆ ఆధార్ బొమ్మనే పెద్దది చేయించమని చెప్పింది.

దొంగ మాదిరి ఉండా అని ఆయనే అన్న బొమ్మ. దానికి దండ వేసి దండం పెట్టాలి. ఆ సాయంత్రం సిగ్గు చంపుకుని గ్రూపులో రాశాను, మా పెద్దనాయన ముఖం కనిపించేది ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని. అందరూ సంతాపం రాశారు. ఫోటో ఎవరి దగ్గరా లేదు. కాసేపటికి భాయ్ ఫోన్ చేశాడు.

“అన్నా, నా సెల్లులో ఒకటి ఉండాది. గ్రూపులో పెట్టగూడదు గదా, అందుకే యాడా పెట్టలే.”

అప్పటికప్పుడు అతని అంగడికి పోయాను. సెల్లు నా చేతికిచ్చాడు. ఆ ఆదివారమే. పెద్దనాయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నూనె రాసిన తల, మెడదాకా గుండీలు. పళ్ళు కనిపించీ కనిపించని నవ్వు. ఆ నవ్వును చెదరకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముందు నేను, నేల మీద వంగి, వీపు పైకి పెట్టి, కెమెరాను ఆయన ఒళ్ళోకి గురిపెట్టి ఉన్నాను.

“నువ్వు ఎప్పుడు తల ఎత్తుతావా అని చూస్తాండాడన్నా” అన్నాడు భాయ్. “అంతసేపూ అట్లే ఉండాడు. నాకు బాధయి ఒకటి తీసినా.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ అంగట్లో గోడ నిండా అద్దాలే. ఎటు చూసినా నా ముఖమే.

స్టూడియోలో నన్ను కత్తిరించి పెద్దనాయనను మాత్రం ఉంచారు. కింద ఒక మూల నా మోచేయి కొంచెం మిగిలింది, నల్ల చొక్కాలో. అది తీసేస్తే ఆయన చెయ్యి పోతుందన్నారు. సరే ఉండనీ అన్నాను.

దినం నాడు పటం చూసి అందరూ నన్నే మెచ్చుకున్నారు. ఎంత బాగా తీసినావప్పా, మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉండాడు అన్నారు. పక్కనే భాయ్ మజ్జిగ గ్లాసు పట్టుకుని వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. తీసింది అతనని నేను చెప్పలేదు. మెప్పు అనేసరికి ఆ రోజు కూడా నా చెవులు దాన్ని వింటూనే ఉన్నాయి.

భోజనాలయ్యాక పెద్దమ్మ పటం దగ్గరికి వెళ్ళి, కొంగుతో అద్దం తుడవసాగింది. ఆ మూలే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

“ఏందో నల్లగ ఉండాదిరా ఈడ. ఎంత తుడిచినా పోలే.”

“అది నా మోచేయి పెద్దమ్మా” అన్నాను. ఫోటో తీసింది నేను కాదని, భాయ్ తీశాడని అప్పుడు చెప్పాను. అక్కడున్న బంధువులు విన్నారు.

ఆమె పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“ఆడ వంగి ఏం చేస్తాంటివి?”

“చేతులు తీస్తాంటి.”

ఆమె భాయ్‌ని దగ్గరికి పిలిచి, చల్లగా ఉండు నాయనా అంది. తర్వాత దండను ఒక పక్కకు లాగి నా మోచేయి కనబడకుండా కప్పింది. దండ అటు జరిగేసరికి ఇటుపక్క పెద్దనాయన చెయ్యి ఒకటి బయటపడింది. నేను దాని వైపు చూడలేదు.