మీరా సాహెబ్ లాక్కున్న చాక్‌పీసు

మీరా సాహెబ్ తాతకు కోపం రాని రోజు హనుమకొండలో ఎవరికీ గుర్తు లేదు. పెళ్లిలో మైకు కూత పెడితే మైకును తిట్టేవాడు, కూత పెట్టకపోతే పెళ్లివారిని తిట్టేవాడు. చౌరస్తా దగ్గర మైక్‌సెట్ దుకాణం ఆయనది. పీర్ల పండుగైనా బతుకమ్మైనా ఓట్ల సభైనా ఆయన పెట్టెలే మోగాలి. మనిషి పొట్టి, గొంతు మాత్రం లారీ హారన్. అంత గొంతున్నవాడికి మైకుల దుకాణం ఎందుకని భార్య జన్నత్ బీ అడిగేది. దానికీ కోపమే.

1982లో ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీ దూరవిద్య డిగ్రీ మొదలుపెట్టింది. కాలేజీకి రాలేనివాళ్ల కోసం లెక్చరర్లు పాఠాలను క్యాసెట్లలో రికార్డు చేయాలి. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లలో ఏదో ఒక బడిలో టేప్‌రికార్డర్ పెట్టి వాటిని వినిపిస్తారు. అయితే లెక్చరర్లకు మైకు ముందు మాట్లాడటం రాదు. ఒకాయన దాన్ని మింగబోయినట్టు మీదికి వంగితే, ఇంకొకాయన దానికి భయపడి గోడకు చెప్పేవాడు. ప్రిన్సిపాల్ తాతను పిలిపించి, "సాహెబ్, మావోళ్లకు జర మైకు నేర్పు" అన్నాడు.

తాత నేర్పాడు. నోటికీ మైకుకూ జానెడు దూరం ఉండాలి. కాగితాలు గలగలమనొద్దు. దగ్గు వస్తే చెయ్యెత్తాలి, ఆయన టేపు ఆపుతాడు. ఎమ్మేలు చదివినవాళ్లు ఏడో తరగతి తప్పినవాడి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ కొన్ని రోజులు తాతకు కోపం తెచ్చుకునే తీరిక కూడా దొరకలేదు.

అందరికంటే బాగా నేర్చుకున్నది ఎకనామిక్స్ చెప్పే కిషన్ రావు. ఆయన దగ్గడు, తుమ్మడు, గంటసేపు బోర్డు మీద గీస్తూ చెబుతాడు. ఆయన కోసమని తాత బోర్డు పక్కన రెండో మైకు కట్టాడు. చాక్‌పీసు కిర్రుమన్న చప్పుడు కూడా క్యాసెట్‌లో ఎంత శుభ్రంగా పడిందో కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు.

ఆ క్యాసెట్లు వినేవాళ్లలో తాత చిన్నబిడ్డ సాబిరా కూడా ఉంది. కేసముద్రంలో కాపురం, అక్కడి మార్కెట్ యార్డు ఆఫీసులో తాత్కాలికంగా రాతపని. జూన్‌లోగా డిగ్రీ చేతికొస్తేనే కొలువు నిలుస్తుందని, లేకపోతే ఇంకొకరు వస్తారని ఆఫీసరు ముందే చెప్పాడు. అన్నీ పాసైంది. ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు పోయింది. ఇక మిగిలింది మార్చి పరీక్ష.

1986 జనవరిలో ఒక ఆదివారం తాత కేసముద్రం వెళ్లాడు. తన సౌండు తానే వినాలని బిడ్డతోపాటు బడికి పోయి వెనక బెంచీ మీద దర్జాగా కూర్చున్నాడు. టేపు తిరిగింది.

"ఇప్పుడు ఈ గీత చూడండి. ఇట్లా పైకి పోతోంది." కిర్ర్. "ఈ రెండోది ఇట్లా కిందికి వస్తోంది." కిర్ర్. "రెండూ ఇదిగో, ఇక్కడ కలిశాయి. అర్థమైందా?"

పద్నాలుగు మంది టేప్‌రికార్డర్ మూత వైపు చూస్తున్నారు.

"సౌండ్ ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు తాత.

"సౌండ్ మంచిగనే ఉన్నది బాపూ. గీతనే కనవడ్తలేదు."

ముందు బెంచీలో హమాలీ ఒకడు పక్కున నవ్వాడు. సాబిరా నవ్వలేదు. "రెండేండ్లసంది గిదే వింటాన. యాడ కలిసినయో ఆ సారుకే ఎరుక."

"మరి నాకు చెప్పవైతివేందే?"

"చెప్తే ఒర్రుతవని."

తాత ఒర్రలేదు, లారీ హారన్ మోగలేదు. ఆయన ఒర్రలేదంటే అది మామూలు కోపం కాదని అర్థం. వరంగల్ వచ్చేదాకా రైల్లో కిషన్ రావును మనసులోనే తిట్టాడు, కాలేజీని తిట్టాడు. అంతలో బోర్డు పక్కన రెండో మైకు కట్టింది ఎవరో గుర్తొచ్చింది. ఇక తిట్టడానికి బయటివాడు దొరక్క కోపం రెండింతలైంది.

మర్నాడు రికార్డింగు గదిలో కిషన్ రావు చాక్‌పీసు తీయగానే తాత దాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నాడు.

"బోర్డు బందు సారూ."

"బోర్డు లేకుంట ఎకనామిక్స్ ఎట్ల చెప్తరయ్యా?"

"క్యాసెట్ల బోర్డు యాడున్నదో జర చూపెట్టుండ్రి."

"బొమ్మ పుస్తకంల ఉన్నది. చూస్కుంటరు."

"పుస్తకం చూస్తెనే అర్థమైతే మీరెందుకు, నేనెందుకు?"

కిషన్ రావు ముఖం ఎర్రబడింది. "మైకులు కట్టెటోనివి, నాకు పాఠం చెప్పుడు నేర్పుతవా? ఇరవై ఏండ్లసంది చెప్తున్న."

"ఇరవై ఏండ్లు పోరగాండ్లు మీ ముందట కూసోని తలకాయలూపిండ్రు. వీళ్లు ఊపితే మీకు కనవడ్తదా?"

అరుపులకు ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. తాత అప్పటికే వైర్లు చుడుతున్నాడు. రికార్డింగు మిషను తనది, తీసుకుపోతానన్నాడు. ఊరంతా వెతికినా అలాంటి మిషను ఇంకొకటి లేదు. చివరికి ఒక్క రోజు తాత చెప్పినట్టే చేసి చూద్దామని ప్రిన్సిపాల్ దిగొచ్చాడు.

తాత పెట్టిన పద్ధతి ఇది. శనివారం ఆఫీసు కాగానే సాబిరా రైల్లో వచ్చి లెక్చరర్‌కు వీపు తిప్పి కూర్చుంటుంది. టేపు తిరుగుతుండగా ఆయన మాటల్లోనే చెప్పాలి. విన్నదాన్ని ఆమె కాగితం మీద గీస్తుంది. పుస్తకంలోని బొమ్మ వస్తేనే పాఠం ఖాయం. మిగతా లెక్చరర్లంతా గోడ వెంట నిలబడి చూడాలి.

మొదటిసారి ఆమె గీసింది తేలులా వచ్చింది. రెండోసారి తేలుకు ఇంకో కొండి మొలిచింది. కిషన్ రావు పళ్లు కొరుకుతూ మూడోసారి చెప్పి, అలవాటుగా "అర్థమైందా?" అని కాగితం తిప్పబోయాడు.

"కాలే సార్."

ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్నకు జవాబు రావడం అదే మొదలు.

"ఏం కాలేదమ్మా?" కోపంగానే అడిగాడు.

"ధర పెరిగితే సరుకు ఎక్కువొస్తదంటరు. మా యార్డుల పత్తి ఎక్కువొచ్చిననాడు ధర పడిపోతది. మీరు ఉల్టా చెప్తాండ్రు."

కిషన్ రావు కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"సరే, పంట సంగతి పక్కనపెట్టు. ఇయ్యాల ధర పెరిగిందనుకో. ఇంట్ల పత్తి దాచుకున్నోడు ఏం జేస్తడు?"

"బండి కడ్తడు."

"కొనేటోడు?"

"వెనుకకు జరుగుతడు."

"ఇద్దరూ సరేననే ధర ఒకటుంటది. రెండు గీతలు కలిసేది ఆడ్నే. ఇగ నువ్వు చెప్పింది, పంటే ఎక్కువ పండిన ముచ్చట. అప్పుడు అమ్మేటోని గీత మొత్తమే కుడిపక్కకు జరుగుతది. కలిసే జాగ కిందికి దిగుతది."

సాబిరా గీసింది. తాత కాగితం తీసుకుని పుస్తకం పక్కన పెట్టి, రెంటినీ తిట్టబోయేవాడిలా గుర్రుగా చూసి, "కలిసింది" అన్నాడు.

ప్రిన్సిపాల్ నిట్టూర్చాడు. "మంచిగున్నది గని, ఆ పిల్ల 'కాలే' అన్న మాట తుడిచెయ్యి సాహెబ్. కాలేజీ పరువు పోతది."

ఇప్పుడు ఒర్రాడు తాత. "తుడువ! ఆడ పద్నాలుగు మంది కడుపుల ఉన్నది గా మాటనే! ఎవ్వడు నోరు తెరువలే. దాన్ని తుడిస్తే మళ్ల ఉత్త సౌండే మిగుల్తది!"

"ఉండనియ్యండి సార్" అన్నాడు కిషన్ రావు, తాత వైపు చూడకుండా. "ఉన్నది ఉన్నట్టే పోనియ్యండి."

ఆ క్యాసెట్ అలాగే కేసముద్రం పోయింది. ఆ మాట దగ్గరికి రాగానే హమాలీ టేపు ఆపించి, వెనక్కి తిప్పించి మళ్లీ విన్నాడట. పరీక్ష వచ్చేదాకా ప్రతి శనివారం ఒక లెక్చరర్ సాబిరా వీపు వెనక నిలబడి చెమటలు కక్కాడు.

మే నెలాఖరున ఫలితాలొచ్చాయి. సాబిరా ఎకనామిక్స్ పాసైంది. కొలువు నిలిచింది. జన్నత్ బీ ఇల్లిల్లూ తిరిగి చక్కెర పంచింది. తాత మార్కుల కాగితం వెలుతురుకు పట్టి చూశాడు.

"నలభై మూడా? గంత మొత్తుకుంటే నలభై మూడేనా? తక్కిన యాభై ఏడు యాడ వోయినయ్?"

అని అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి కిషన్ రావు ఇంటికి కొట్లాటకు పోయాడు.