చిన్నయ్యగారి నవ్వు మీద మోకాలి చిప్ప

లారీ ఆఫీసులో ఆమెను అందరూ మిరపకాయ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. ఆమె కూడా పలికేది. సరుకు బుక్ చేయడానికి వచ్చినవాళ్లు చిరునామా సగం చెప్పి సగం మింగేస్తే, కీబోర్డు మీంచి చేతులు తీసేసి, మిగతాది లారీని అడిగి తెలుసుకోమంటారా అని అడిగేది. ఆ మాటకు నొచ్చుకుని వెళ్లినవాళ్లున్నారు గానీ, సరుకు దారి తప్పిందని తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

ఆమె కోపం గురించి చెప్పుకునేవాళ్లెవరూ ఆమె తలనొప్పి గురించి చెప్పరు. పెళ్లికి ముందునుంచీ ఆమెకు పార్శ్వపు నొప్పి ఉంది. తెల్లటి వెలుతురు ఎక్కువసేపు చూస్తే ఎడమ కణత దగ్గర మొదలై, కంటి వెనక్కి పాకి, వాంతులతో మంచాన పడేసేది. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, ఎవరినీ అడగకుండా, తన కంప్యూటర్ తెరను తన కంటికి నప్పేలా మార్చుకుంది. వెనకాల ముదురాకు పచ్చ. దాని మీద లేత పసుపు రంగులో పెద్ద పెద్ద అక్షరాలు. అంతటితో ఊరుకుని ఉండొచ్చు. కానీ ఫోల్డర్లన్నీ ఒకే అచ్చులో పోసిన పసుపు సంచుల్లా ఉండటం ఆమెకు నచ్చలేదు. భోజనం వేళల్లో కూర్చుని ఒక్కోదానికి ఒక్కో బొమ్మ తనే గీసింది. వెళ్లే సరుకుకు కుడివైపు తిరిగిన లారీ. తిరిగొచ్చిన సరుకుకు తల దించుకుని ఎడమవైపు తిరిగిన లారీ. దారిలో పగిలినవాటికి మూతి విరిగిన కుండ. ఎవరూ వచ్చి తీసుకెళ్లని మూటలకు, గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్న గోనెసంచి.

పుట్టింట్లో అక్కచెల్లెళ్లందరికీ కలిపి ఒకటే అలమర. అత్తవారింట్లో గరిటె ఏ మేకుకు తగిలించాలో కూడా అత్తగారు ఎప్పుడో నిర్ణయించేసింది. తన ఇష్టప్రకారం ఉన్నది లోకంలో ఏదైనా ఉందంటే ఆ తెర ఒక్కటే. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. దాన్ని లాగేసుకునేదాకా ఆమెకే తెలియదు.

యజమాని పెద్దయ్యగారు ఆఫీసుకు రావడం తగ్గించాక పెత్తనం కొడుకు చేతికొచ్చింది. చిన్నయ్యగారికి అన్నీ ఒకేలా ఉండాలి. ముందు కుర్చీలన్నీ ఒకే రంగువి తెప్పించాడు. తర్వాత నీళ్ల సీసాలు. ఒక సెలవు మర్నాడు ఆమె వచ్చి కంప్యూటర్ ఆన్ చేసేసరికి, తెల్లగోడ ముందు తెల్లచొక్కాలో చిన్నయ్యగారు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. తెరంతా ఆయనే. కింద ఎర్రటి అక్షరాలతో ‘నవ్వుతూ పనిచేద్దాం’ అని రాసి ఉంది. ఆమె ఫోల్డర్లు మళ్లీ పసుపు సంచులైపోయి ఆయన ముఖం మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ‘పగిలినవి’ అన్నది సరిగ్గా ముందు పళ్ల మీద కూర్చుంది. పక్క బల్ల దగ్గరి క్యాషియర్ బాబాయి అది చూసి, వచ్చిన నవ్వును దగ్గులోకి దింపుకున్నాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. రంగు మార్చబోతే మారలేదు. అక్షరాలు పెంచబోతే పెరగలేదు. అన్నిటికీ తాళం వేశారు. కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేస్తే, పైనుంచి వచ్చిన ఆర్డరు, నేనేం చేయగలనక్కా అన్నాడు.

ఆమె నేరుగా చిన్నయ్యగారి గదికి వెళ్లింది. ఆ రోజు ఆమె కోపంగా మాట్లాడలేదు. తన నొప్పి సంగతి, తెలుపు పడని సంగతి నెమ్మదిగా చెప్పింది. ఆయన సెల్‌ఫోన్ చూసుకుంటూనే విన్నాడు. నవ్వే ముఖం చూస్తే ఎవరికైనా ఉత్సాహం వస్తుందని, తలనొప్పికి మంచి మాత్రలున్నాయని చెప్పాడు. ఆమె ఇంకా నిలబడే ఉండటం చూసి తలెత్తాడు.

“బొమ్మ కోసం ఇంత గొడవేంటమ్మా, చిన్నపిల్లలా?” అని నవ్వాడు.

అచ్చం తెర మీద నవ్వే. అప్పుడు రాజుకుంది ఆమెకు.

ఆ వారమంతా ఆమె కణత పగిలిపోయింది. మధ్యాహ్నానికి అక్షరాలు అలికేసినట్టయ్యేవి. బాత్రూంలో దీపం ఆర్పేసి గోడకు నుదురు ఆనించి నిలబడేది. ఇంటికి వెళ్లి భర్తతో చెబితే, ఒక బడిలో గుమాస్తాగా పనిచేసే ఆయన పేపరు మడతపెట్టి, “ఆయన ఆఫీసు, ఆయన కంప్యూటర్. నీకెందుకు చెప్పు?” అన్నాడు.

“తల మాత్రం నాది” అని ఆమె కంచం విసురుగా పెట్టింది.

ఇదంతా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని అత్తగారు వింటోంది. కోడలి పక్షాన మాట్లాడిన పాపాన ఏనాడూ పోయిన మనిషి కాదావిడ. మెల్లగా లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్లి, పరుపు కింద నుంచి తన మోకాలి ఎక్స్‌రే తీసుకొచ్చి కోడలి చేతిలో పెట్టింది.

“మా రోజుల్లో గ్రహణం ఇందులోంచే చూసేవాళ్లం. మీ చిన్నయ్య ముఖం సూర్యుడికంటే వెలుగా?”

మర్నాడు ఆ ఎక్స్‌రేను ఆమె తెరకు అడ్డంగా టేపుతో అంటించింది. తెలుపు చచ్చి బూడిదరంగైంది. అక్షరాలు మసగ్గానే అయినా కనిపించాయి. కంటికి ప్రాణం లేచొచ్చింది. అయితే అత్తగారి మోకాలి చిప్ప చక్కగా వెళ్లి చిన్నయ్యగారి నవ్వు మీద కుదురుకుంది. మొదట క్యాషియర్ బాబాయి చూశాడు. ఈసారి దగ్గడానికి కూడా ఆగలేదు. తర్వాత డ్రైవర్లు. రసీదు కోసమని ఒకరి వెనక ఒకరు కిటికీ దగ్గరికొచ్చి మెడలు చాచి చూసి వెళ్లారు.

సంగతి లోపలి గదికి చేరకుండా ఉంటుందా? చిన్నయ్యగారు వచ్చి, ఆఫీసంతా వినేలా, ఇది నన్ను అవమానించడం కాదా, అందరి ముందూ క్షమాపణ చెప్పు అన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచింది.

“మీ ముఖానికి అడ్డం పెట్టలేదండీ, నా కంటికి అడ్డం పెట్టుకున్నాను. నొప్పి అని నేను చెప్పినప్పుడు మీరు నవ్వారు. ఇవాళ మిమ్మల్ని చూసి వీళ్లు నవ్వుతున్నారు. ఆ నవ్వులేవీ నాకక్కర్లేదు. నా తెర నాకివ్వండి.”

ఆయన ముఖం కందగడ్డయింది. నిజంగా జబ్బే అయితే డాక్టరు చేత రాయించుకురా, అప్పుడు చూద్దాం అని వెళ్లిపోయాడు. నోటితో చెబితే అబద్ధం, ముద్ర వేయించుకొస్తే నిజమా అని ఆమె లోలోపల ఉడికిపోయింది. ఆ కాగితం తేకూడదనే అనుకుంది. కానీ నొప్పికి పంతం తెలియదు. తెచ్చింది. ఇచ్చేటప్పుడు ఆయన వైపు చూడలేదు.

కంప్యూటర్లు చూసే అతను వచ్చి ఆమె తెర వరకు తాళం తీసి నల్లరంగు పెట్టాడు. ఆమె తన బొమ్మలెక్కడని అడిగింది.

“అవా అక్కా? ఎవరో ఆటకు గీసుకున్నవనుకుని తుడిచేశాను.”

కాపీ కూడా ఉంచలేదట. ఇక ఇవాళ ఆఫీసు కప్పు లేచిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. వెనక గుమ్మం లోంచి లారీలు నిలిపే చోటికి వెళ్లి, అక్కడ పేర్చిన పాత టైర్లను చెప్పు తెగేదాకా తన్నింది. క్లీనర్లు దూరం జరిగి దారిచ్చారు. తిరిగొచ్చి, తెగిన చెప్పుతోనే సాయంత్రం దాకా పనిచేసింది.

మళ్లీ గీసింది. కోపంతో గీసినందుకో ఏమో, ఈసారి గీతలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు చిన్నయ్యగారు ఆమె వెనక నిలబడి వాటిని చూశాడు.

“ఇవి బాగున్నాయే. అన్ని కంప్యూటర్లలోనూ ఇవే పెట్టిద్దాం. ఆఫీసంతా ఒకేలా ఉంటుంది.”

“వద్దండీ” అంది ఆమె, తల తిప్పకుండా. “ఇవి నాకోసం గీసుకున్నాను. మీరు ఆ తాళాలు తీయిస్తే ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు.”

ఆయన తన గదికి వెళ్లిపోయాడు. తాళాలు ఆ రోజు తీయించలేదు. కానీ అప్పటికే డ్రైవర్ల నోళ్లలో ఆయన పేరు మోకాలి చిప్ప అయిపోయింది. చిప్పగారు వచ్చారా, చిప్పగారు సంతకం పెట్టారా అని సరుకు ఎత్తే చోట బాహాటంగానే అడుగుతున్నారు. అది ఆయన చెవిన పడినట్టుంది. ఒక ఉదయం ఏ కంప్యూటర్‌లోనూ ఆయన నవ్వు లేదు. తాళాలూ లేవు. ఎందుకు తీశారో ఎవరూ చెప్పలేదు.

నువ్వే గెలిచావు కదమ్మా, ఇక వదిలెయ్ అన్నవాళ్లతో ఆమె గట్టిగానే చెప్పింది, తుడిచిన బొమ్మలు తుడిచినవేనని, అందుకు క్షమించమని ఎవరూ తనతో ఒక్క మాట కూడా అనలేదని. చిన్నయ్యగారికి ఆ తర్వాత ఆమె నమస్కారం పెట్టడం మానేసింది. ఆయన కూడా అడగలేదు.

కొన్నాళ్లకు క్యాషియర్ బాబాయి బిడియపడుతూ వచ్చి, నా తెరకు కూడా ఏదైనా చేసుకోవచ్చా అని అడిగాడు. ఆమె తన కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది. రంగులన్నీ ఎక్కడుంటాయో చూపించింది. ఆయన చాలాసేపు వెతికి, వెతికి, కళ్లు చెదిరే నారింజరంగు ఎంచుకున్నాడు. ఆమె కణత జివ్వుమంది. కళ్లు చిట్లించి ముఖం పక్కకు తిప్పుకుంది.

“బాగుందామ్మా?” అన్నాడాయన.

“మీ కళ్లు, మీ ఇష్టం బాబాయ్” అంది.