బుడేన్ సాబ్ సమ్మెట

గోరంట్లలో బుడేన్ సాబ్ చెయ్యి పడని వీధి లేదు. ముప్పై ఏళ్లుగా మేస్త్రీ. కట్టబోయే ఇంటిని ముందు నేల మీద సున్నంతో గీసి, ఇంటావిడను వంటగదిలో, ముసలాయనను వసారాలో నిలబెట్టి, "సరిపోయిందా?" అని అడగనిదే పునాది తవ్వడు. అంతటి మనిషికి ఊరు పెట్టిన పేరు సమ్మెట సాబు. తప్పు నాది. నేను ప్లంబర్ ఓబన్నను. ఆయన స్లాబు వేసి దిగగానే నా పైపు పోవాల్సిన చోట దూలం ఎదురయ్యేది. నన్ను తిట్టుకుంటూ, తను కట్టినదాన్ని తనే సమ్మెటతో పగలగొట్టేవాడు.

పోయినేడు ఆడపిల్లల హాస్టల్ పని వచ్చింది. "దీని మీద సమ్మెట పడిందా, తాపీ కింద పెట్టేస్తా" అని టీకొట్టు దగ్గర అందరి ముందూ ఒట్టేశాడు. ఆ ఒట్టు నా పైపుల చేతిలో ఉందని తలచుకుంటే నాకు అన్నం సహించలేదు.

ఇంజనీరు హేమలత మడకశిర పిల్ల, బెంగళూరులో చదివింది. తట్టెడు మన్ను ఎత్తకముందే కంప్యూటర్‌లో హాస్టల్ మొత్తం కట్టేసింది. ఇనుము, గోడలు, తీగలు, నా పైపులు, అన్నీ ఎక్కడివక్కడ. దాన్ని బిమ్ అంటారట.

"దీంట్లో ఇసుక యాడుండాది, ఇటుక యాడుండాది?" అని సాబ్ ఎగతాళి.

ఆమె ఏదో నొక్కింది. మూడు చోట్ల ఎర్రగా వెలిగింది. నా పైపులు ఆయన దూలాల్లో దూరిన చోట్లు. నాకు తల కొట్టేసినట్టయింది. సాబ్ మాత్రం మురిసిపోయాడు.

"ఏమప్పా ఓబన్నా, నీ దొంగతనం ముందే దొరికిపాయె!"

పైపులను ఆమె అక్కడికక్కడే పక్కకు జరిపింది. అప్పుడు సాబ్ తన అలవాటు ప్రకారం, బొమ్మలోనే ఒక్కో గదీ తిప్పి చూపించమన్నాడు. మిద్దె మీదికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఈ ట్యాంకు నీళ్లు ఎన్ని దినాలకమ్మా?"

"ఒక దినానికి, సాబ్."

"ఈడ కొళాయి నాలుగు దినాలకోసారి గదా వస్తాది! తక్కిన మూడు దినాలు పిల్లోళ్లు ఏం చేయల్ల? రేపు పెద్ద ట్యాంకు పెట్టల్లంటే కింద స్తంభాలు మోయవు. మళ్లా నా సమ్మెటే."

హేమలత నెత్తి కొట్టుకుంది. "మా ఇంట్లో మంచం కింద కూడా బిందెలే సాబ్. నేనెట్లా మర్చిపోయినా!"

మధ్యాహ్నానికల్లా బొమ్మలో నేల కింద పెద్ద తొట్టి, మిద్దె మీద పెద్ద ట్యాంకు, దాన్ని మోసే లావు స్తంభాలు వచ్చేశాయి. కట్టాక అయితే నెల రోజుల పని, బండెడు సిమెంటు దండగ. ఇప్పుడు ఒక్క పూటతో పోయింది.

అనుకున్నదానికి ఇరవై రోజుల ముందే హాస్టల్ తెరిచారు. కొళాయి రాని మూడో రోజు సాబ్ నన్ను వెంటబెట్టుకుని పోయి ప్రతి కొళాయీ తిప్పి చూశాడు. అన్నింట్లోనూ నీళ్లే. ఆ ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది.

వంట చేసే హనుమక్క బయటికొచ్చింది. "సాబ్, మీ సమ్మెట ఈడే మరిచిపోయినారు. గాలికి తలుపు కొట్టుకుంటాంటే అడ్డం పెట్టుకున్యా. తీసకపోతారా?"

"ఉండనీలేమ్మా," అన్నాడు సాబ్. "ముప్పై ఏండ్లకు దానికొక మంచి పని దొరికింది."