ఉగ్గుగిన్నె మీద ఊరి పేరు

2021 చలికాలం. మంచిర్యాలలో ఖాదర్ సేఠ్ స్టీలు సామాన్ల కొట్టు ముందు నాకొక స్టూలు, ఒక మిషన్ ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లికో, పిల్లల పేరు పెట్టే పండుగకో గిన్నెలు కొన్నవాళ్లు వాటి మీద పేర్లు కొట్టించుకుంటారు. పైన తీసుకునేవాళ్ల పేరు, కింద ఇచ్చేవాళ్ల పేరు. ఆ పని నాది. ఎన్‌గ్రేవింగ్ మిషన్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, కరెంటుకు వణికే సూది. చెయ్యి దానితోపాటు వణకకుండా చూసుకోవడమే చదువు. బడి చదువు నాకు ఏడో తరగతితోనే సరిపోయింది.

స్టీలు మీద పడిన అక్షరం చెరగదు. అందుకే సూది ఆనించేముందు పేరు నోటితో చెప్పించుకుంటాను, ఇంటివాళ్లు ఎందరుంటే అందరితోనూ. కొట్టాక మేనత్త వచ్చి అది కాదు పేరు అంటే, ఆ గిన్నెలో నేనే అన్నం తినాలి.

ఆ చలికాలంలో ఒకరోజు అత్తాకోడళ్లు వచ్చారు. అత్త మార్తమ్మ, కోడలు సువార్త. సువార్త చేతుల్లో పసిబిడ్డ, ఆడపిల్ల. వచ్చే ఆదివారం చర్చిలో పేరు పెడతారట. మార్తమ్మ ఒక ఉగ్గుగిన్నె కొన్నది, పిల్లలకు పాలు పట్టే ముక్కు గిన్నె. పేరు చెప్పమన్నాను.

అత్త "షారోను" అంది. ఆ మాట పూర్తికాకముందే కోడలు "రేగులగడ్డ" అంది.

రేగులగడ్డ వాళ్ల ఊరు. ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతే ఊరివాళ్లందరూ కొత్త కాలనీకి వచ్చేశారు. అడ్రసు కూడా రాయమంటోందేమో అనుకున్నాను. సువార్త తల అడ్డంగా ఊపింది.

"పిల్ల పేరే గది, అన్నా."

నోరు ఊరుకోదు కదా. "చెల్లే, బడిల పోరగాండ్లు ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అని పిలుస్తరు. నవ్వులపాలు చేస్తరు నీ బిడ్డను" అన్నాను. మార్తమ్మ నవ్వింది. లోపల గల్లా దగ్గర ఖాదర్ సేఠ్ కూడా నవ్వాడు. సువార్త నవ్వకుండా నా పేరు అడిగింది. శ్రీశైలం అని చెప్పాను.

"శ్రీశైలం ఎన్నడన్న పోయినవా?"

"పోలే."

"చూడని ఊరి పేరు పెట్టుకొని నువ్వు మంచిగనే తిరుగుతున్నవ్. షారోను గూడ బైబిల్ల ఉన్న జాగనే. మా అత్తమ్మ చూసొచ్చిందా? మేం బతికిన ఊరి పేరైతే మాత్రం నవ్వొస్తదా మీకు?"

ఖాదర్ సేఠ్ ఆమె వైపు చేరాడు. తన చెల్లెలి పేరు మదీనా అనీ, ఈ బజార్లో తిరుపతి అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారనీ అన్నాడు. మార్తమ్మ ఒప్పుకోలేదు. దేవుని మాటల్లో ఉన్న ఊళ్లు వేరు, మునిగిన ఊరి పేరు పసిదానికి తగిలించడం వేరు అని పట్టుబట్టింది.

అప్పుడు సువార్త అసలు సంగతి చెప్పింది. ఈ పిల్ల కంటే ముందు ఇంకో ఆడపిల్ల పుట్టింది, రేగులగడ్డలోనే. పేరు పెట్టే రోజు రాకముందే జ్వరం వచ్చి చనిపోయింది. చర్చి వెనక పాతిపెట్టారు. ఆ మరుసటి ఏడు నీళ్లు వచ్చాయి.

"ఊరు ఖాళీ చేసిననాడు అందరు దర్వాజలు ఊడదీసుకొని తెచ్చుకున్నరు, అన్నా. నేను నా బిడ్డను తెచ్చుకోలే. పిలుద్దామంటే పేరుగూడ లేకపాయె."

నేను మిషన్ స్విచ్ ఆపేశాను.

మార్తమ్మ నా స్టూలు పక్కన నేల మీద కూర్చుంది.

"గా బిడ్డ నాకు మనుమరాలు గాదా? నాకు యాదికి లేదనుకున్నవా? కాని, గీ పిల్లను పిలిచినప్పుడల్ల నీకు గా పిల్లనే కనబడుతది. ఇది ఏం పాపం చేసింది? దీన్ని దీని లెక్క బతుకనియ్యి, బిడ్డా."

సువార్త నిద్రపోతున్న బిడ్డ మొహం చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత, నా వైపు చూడకుండానే, షారోను అని కొట్టమంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో అక్కడున్న అందరికీ తెలిసింది. నేను కొట్టాను.

గిన్నె తుడిచి ఇస్తుంటే మార్తమ్మ లేచి కొట్టులోకి వెళ్లింది. అలాంటిదే ఇంకో ఉగ్గుగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది పెద్దదానికి. దీనిమీద రేగులగడ్డ అని కొట్టు. కింద నాయనమ్మ మార్తమ్మ అని నా పేరు రాయి."

సువార్త ఆమె వైపు తిరిగి చూసింది. ఒక చేత్తో బిడ్డను పట్టుకుని రెండో చేత్తో అత్త భుజం పట్టుకుంది.

చనిపోయినవాళ్ల పేరు కొట్టేటప్పుడు పక్కన 'జ్ఞాపకార్థం' అని రాయడం మా పనిలో రివాజు. గుళ్లకూ, బళ్లకూ అలా ఎన్నో బిందెలు కొట్టిచ్చాను. ఇక్కడా రాయాలా అని మెల్లగా అడిగాను.

"వద్దు" అంది మార్తమ్మ. "పిల్లకు పేరు పెడుతున్నం గదా."

ఊరి పేరు పిల్లలకు పెట్టొచ్చా అని నా స్టూలు ముందు ఇప్పటికీ వాదులాడుకుంటారు. మొదట్లో అయితే వెంటనే ఒక జోకు విసిరేవాణ్ని. ఇప్పుడు, ఆ ఊళ్లో మీకు ఎవరున్నారు అని ముందు అడుగుతాను. జోకు సంగతి ఆ తర్వాత.