పసుపు చేప కడుపులో పురుగు

మా పసుపు చేప తింటూ తింటూనే చిక్కిపోయింది. మేత మానేసిన చేప చిక్కితే అందులో వింత లేదు. ఇది మాత్రం తొట్టి దగ్గర మనిషి నీడ పడితే చాలు, ముక్కు గాజుకు పొడుచుకుని వచ్చేది. అయినా రెండు వారాల్లో పొట్ట లోపలికి అంటుకుపోయి, వీపు కత్తి అంచులా తేలింది. వెనక తెల్లటి దారంలా పెంట వేలాడేది. సముద్రం చేప అది. తిరుపతిలో మా ముందు గదిలో, ఉప్పు కలిపిన నీళ్లలో ఆరేళ్లుగా బతుకుతోంది. ఈ లెక్కన ఇంకో నెల బతకదని నాకు అర్థమైంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. రేడియోలు బాగుచేసే అంగడిలో కూర్చుని, వాటితో వచ్చే ఇంగ్లీషు కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చేపల సంగతీ అట్లాగే నేర్చుకున్నాను. తెలియదని చెప్పేవాడి మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. తెలియకుండానే చెప్పేవాడిని చూస్తే ఒళ్లు మండుతుంది. చేపలమ్మే అంగడివాడు ఆ రకం.

“ఏముండాది సార్, ఈ సీసా మందు రెండు మూతలు తొట్లో పోసేయండి. అన్నీ సచ్చిపోతాయి.”

“అన్నీ అంటే? చేపలు కూడానా?”

“పురుగులు సార్!”

కంటికి కనబడనంత చిన్న పురుగు అది, ఉంటే చేప పేగుల్లో ఉంటుంది. నీళ్లలో మందు పోస్తే తొట్టిలోని నత్తలు, పగడాలు పోతాయి గాని పేగుకు చేరేది ఎంత? వడమాలపేట దగ్గర మా ఊళ్లో నాయన గొర్రెలకు పురుగు మందు పట్టేవాడు. ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వెదురు గొట్టంతో గొంతులో పోసేవాడు. ఒకాయన శ్రమ ఎందుకని మందును కుడితి తొట్టిలో కలిపితే, నాయన ఊరంతా వినబడేలా తిట్టాడు. “తొట్టికా అప్పా రోగం? గొర్రెకా?” అరవై ఏళ్లయినా ఆ మాట నా చెవిలో ఉంది. చదువుకున్నవాళ్ల చెవుల్లో ఎందుకు లేదో నాకు తెలియదు.

ఆ తెల్లదారాన్ని చిన్న సీసాలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరు మంచివాడే. సీసాను వెలుగుకు ఎత్తి చూసి నవ్వాడు.

“ఆవు పేడ తెండి, మేక పెంట తెండి, చూస్తాను. మా రిజిస్టరులో చేపకు గడే లేదు పెద్దాయనా.”

“గడి లేకపోతే రోగం రాదా?”

ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు గాని, అప్పటికే పాతబడిన పెంటలో ఏమీ చెప్పలేనన్నాడు. అందుకని పురుగు ఉందన్నది నా అనుమానమే. ఆ అనుమానంతోనే వైద్యం మొదలుపెట్టాను.

చేపను వేరే ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి గాలి గొట్టం పెట్టాను. మనుషులకు విరేచనాలప్పుడు ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్ర నూరి, రొయ్య ముద్దలో కలిపి, జెల్లీలకు వేసే అగర్‌తో గడ్డకట్టించాను. రొయ్య వాసనకు చేదు తెలియదని నా లెక్క. గోరంత ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టాను. వరుసగా ఏడు రోజులు, ఒక్క రోజు తప్పకుండా పెట్టాలి.

ఏడు రోజులైంది. దారం తెల్లగానే ఉంది. కొన్నాళ్లు ఆగి మళ్లీ ఏడు రోజులు. అదే దారం. వీపు ఇంకా పదునెక్కింది. నేను నేరుగా మందుల అంగడికి పోయాను.

“ఏమబ్బా, మాత్రలు ఇచ్చినావా, సున్నం ముద్దలు ఇచ్చినావా?”

“మనుషులకు పనిచేస్తాండాయి సార్.”

“మనుషులు సున్నం మింగినా మందని నమ్ముతారులే, చేప నమ్మదు!”

అంగట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను తగ్గలేదు. మిగతా మాత్రలు వాడి బల్ల మీద పెట్టి వచ్చాను.

శనివారాల్లో తెల్లారకముందే అలిపిరికి పోయి కొండ ఎక్కడం నా అలవాటు. ఆ రోజు చేపకు మేత పెట్టేది నా భార్య. వేరే అంగట్లో కొన్న మాత్రలతో మూడో విడత మొదలుపెట్టిన మూడో రోజు శనివారమైంది. అలిపిరి మెట్ల దగ్గరే మోకాలు పట్టేసి వెనక్కి వచ్చాను. ఆమె తొట్టి ముందు కూర్చుని, ఎండబెట్టిన సముద్రపు నాచు ముక్కలు వేస్తోంది.

“ఏమే, మందు ముక్కలు యాడ?”

“ఫ్రీజరులోనే ఉండాయి. శనివారం రొయ్యలు ముట్టుకుంటానా?”

“ముందు రెండుసార్లు?”

“అప్పుడూ అంతే. దానికి ఆకలి కాకుండా ఇదే పెట్టినాను.”

“మందు తప్పితే అది సస్తాదే!”

ఆమె చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. “శనివారం ఇంట్లో నీచు పెట్టనని మొక్కుకున్నది ఎవరు? నేనా? మీరు కొండ ఎక్కతారు, ఈడ మొక్కు కాపాడేది నేను. ఆ మందు నాచులో కలపరాదా? అది రొయ్య కంటే నాచే ఇష్టంగా తింటాది. ఆరేళ్లుగా మీ కంటికి కనబడలేదా?”

కనబడింది. ఏ రోజు మొదలుపెట్టినా ఏడు రోజుల్లో ఒక శనివారం వస్తుందన్నదే లెక్కకు రాలేదు. మొక్కు నాదే. కొడుకు జబ్బు నయం కావాలని నేనే మొక్కుకున్నాను.

సాయంత్రం మందుల అంగడికి పోయాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఒక అట్ట మాత్రలు అడిగాను.

వాడు తీసిస్తూ అన్నాడు. “ఈసారి సున్నం తక్కువ కలిపినాం సార్.”

“తక్కువైతే మళ్లీ వస్తాను,” అన్నాను.

నాచు పొడి, మాత్ర పొడి, అగర్. రొయ్య లేదు. ఆదివారం నుంచి మళ్లీ మొదటి రోజు లెక్కపెట్టాము. చివరిది శనివారం. ఆ రోజు ఆమె స్నానం చేసి వచ్చి, తన చేత్తోనే ముక్కలు వేసింది. నేను కొండకు పోలేదు. తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక చేప వెనక నుంచి ముదురాకుపచ్చ ముద్ద ఒకటి తెగి అడుగున పడింది. దారం లేదు.

తప్పిన ఆ ఒక్క రోజే కారణమా, నాచు వల్ల మందు బాగా తిన్నదా, అసలు పురుగే ఉందా, నేను ప్రమాణం చేయలేను. నెల తిరిగేసరికి పొట్ట నిండింది. పెద్ద తొట్టిలోకి మార్చాను. నా భార్య ఎవరికి చెప్పినా ఒకే మాట చెబుతుంది, “మా పసుపుది శనివారం నీచు తినదు.” నేను దాన్ని సరిదిద్దడం లేదు.