గాలి పొర మోసుకొచ్చిన గొంతు

టెక్కలిలో నేను సైన్సు చెప్పే బళ్లో బోర్డు మీద ఏటా ఒకే బొమ్మ గీస్తాను. అడుగున ట్రోపో ఆవరణం, దాని మీద స్ట్రాటో ఆవరణం, ఆపైన మీసో, ఆపైన థర్మో. వానా, మబ్బూ, తుఫానూ అన్నీ అడుగు పొరలోనే పుడతాయని, ఆ పొరలో పైకి పోయేకొద్దీ చల్లబడుతుందని, ఓజోను ఉన్న రెండో పొరలో మళ్లీ వేడెక్కుతుందని చెప్తాను. పిల్లలు రాసుకుంటారు, మార్కులు తెచ్చుకుంటారు, మర్చిపోతారు. మా తమ్ముడైతే రాసుకోకుండానే మర్చిపోయాడు. ఒకసారి నేను పేపర్లు దిద్దుతుంటే ఆ బొమ్మ చూసి, "గాలికి కూడా మేడలు కట్టేత్తన్నావేటప్పా" అని నవ్వాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

మాది మందస అవతల, ఉద్దానం తీరంలో చేపలు పట్టే ఊరు. చదువు పేరుతో నేను బయటపడ్డాను. వాడు మాత్రం నాన్న పోయాక నాన్న బోటే ఎక్కాడు.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో వాడూ తోటివాళ్లూ వేటకెళ్లిన బోటు రావాల్సిన పూటకు రాలేదు. మర్నాడూ రాలేదు. నాకు కబురు తెలిసి, బడికి సెలవు పెట్టి బస్సెక్కాను. వెళ్లేసరికి మరదలు వలలు బాగుచేసుకునే పాక దగ్గర ఇసకలో కూర్చుని ఉంది. అధికారులకు చెప్పామని, వెతుకుతున్నారని ఊరివాళ్లు అన్నారు. వెతుకుతున్నారనే మాట ఎంత డొల్ల మాటో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నాకు అందరి మీదా కోపం వచ్చింది, ఎక్కువగా సముద్రం మీద.

పాకలో చేత్తో పట్టుకునే వైర్‌లెస్ సెట్టు ఒకటి ఉండేది. మామూలుగా అందులో దగ్గర బోట్ల మాటలు తప్ప వినపడవు. మర్నాడు పొద్దున మాత్రం అది అదేపనిగా మాట్లాడడం మొదలుపెట్టింది. ఒడియా, బెంగాలీ, ఎక్కడెక్కడివో గొంతులు. ఆకు కదలడం లేదు. దూరాన పోయే ఓడ నీళ్ల మీద కాకుండా నీళ్లకు పైన తేలుతున్నట్టు కనపడింది. చూడగానే నాకు సంగతి అర్థమైంది. నేల మీద కాగిన గాలి సముద్రం మీదికి జారి, నీటిని ఆనుకుని ఉన్న చల్లగాలి మీద కప్పులా పరుచుకుంది. పైకి పోయేకొద్దీ చల్లబడాల్సిన గాలి అక్కడ వేడెక్కుతుంది. రేడియో తరంగాలు ఆ కప్పు దాటలేక, దాని కిందే వంగి, నీటి వెంబడి చాలా దూరం పోతాయి. నేను గీసే బొమ్మలో ఆ పొరకు సుద్దముక్క గీతంత మందం కూడా ఉండదు.

ఆ గొంతుల మధ్య మా తమ్ముడి గొంతు వినపడింది.

"ఇంజను ఆగిపోనాది. నీల్లు అయిపోతన్నాయి. ఎవులైనా ఇంటన్నారా?"

పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినపడింది. మరదలు సెట్టు లాక్కుని, వింటున్నామని, ఎక్కడున్నావో చెప్పమని అడిగింది. సెట్టు కాసేపు గరగరలాడి, మళ్లీ అదే ప్రశ్న. ఎవరైనా వింటున్నారా అని. బోటులో బ్యాటరీకి బిగించిన సెట్టు పెద్దది, ఊళ్లో అలాంటిది వాడి బోటుకే ఉంది, దాని మాట మా దాకా వస్తోంది. మా చేతిలోది చిన్నది, దాని మాట వాడి దాకా పోవడం లేదు. ఎవరో దాన్ని పట్టుకుని తుఫాను షెల్టరు మేడ ఎక్కారు. అక్కడా అంతే. ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకుని అరిచారు. అరిచినంత మాత్రాన తరంగం దూరం పోదని వాళ్లకు చెప్పాను. సెట్టు నా చేతికొచ్చాక అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

మరదలు నా చెయ్యి పట్టుకుంది. "వొదినా, గాలి గురించి పిల్లలకి సెప్తావు గదా. ఏటి సెయ్యాలో సెప్పు."

నా దగ్గరున్నది ఒక్కటే మాట. ఎండ ముదిరి సముద్రపు గాలి మొదలైతే ఆ పొర చెదిరిపోతుంది, అప్పుడు ఈ గొంతు కూడా వినపడదు. అదే చెప్పాను. అంత చదువూ చదివి, తమ్ముడి గొంతు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. నా చేతకానితనం మీద నాకే అసహ్యం వేసింది.

గాలి రానే వచ్చింది. మిగతా రోజుల్లో ఆ గాలి తగిలితే అమ్మయ్య అనుకుంటాం. ఆ రోజు మరదలు కొంగు కదలగానే ఏడ్చేసింది. వాడి మాట సగం సగం తెగి, మొత్తానికే ఆగిపోయింది. తర్వాత సెట్టులో మా ఊరి బోట్లే మాట్లాడుకున్నాయి.

రెండు రోజులకు ఒడిశా వైపు బోటొకటి వాళ్లను చూసి, తాడు కట్టి ఒడ్డుకు లాక్కెళ్లింది. బోటులో ఉన్నవాళ్లంతా బతికారు. ఇచ్ఛాపురం మీదుగా బస్సులో ఇంటికొచ్చారు. తమ్ముడి పెదాలు పగిలి, మొహం మీద తోలు లేచిపోయి ఉంది. మరదలు అన్నం పెట్టింది. తింటూ తింటూ, సెట్టులో పిలిచానని, ఒక్కరూ పలకలేదని మెల్లగా అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉన్నా బాగుండేది.

పలికామని, ఊరంతా పలికిందని మరదలు ఒట్టేసి చెప్పింది. నేను నేల మీద వేలితో గీసి చూపించాను. ఇది సముద్రం, ఇది చల్లగాలి, దాని మీద వేడిగాలి, నీ మాట దీని కింద నుంచి ఇలా మా దాకా వచ్చింది, మాది ఇక్కడే చచ్చిపోయింది. వాడు తినడం ఆపి, చిన్నప్పుడు ఏనాడూ వినని శ్రద్ధతో చివరిదాకా విన్నాడు.

"నిజవేనప్పా. నువ్వు సెప్పింది అర్తమైనాది," అన్నాడు. "కానీ ఆ పొద్దు నాకు మీరెవులూ లేరు."

మరదలు వాడి కంచంలో ఇంకాస్త అన్నం పెట్టి, లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.